ఎరుపు వదలనివి

గుంటూరు పెద్దాసుపత్రిలో మా గదికి ఒకటే కిటికీ.
మార్చి నెలలో దాన్ని తీయం.
తీస్తే ఎండ వెనకాలే మిర్చి యార్డు ఘాటు వస్తుంది,
చెయ్యి కదిలితే స్లైడు పోతుంది.

నాంచారమ్మ స్టూలు మీద కూర్చుంది.
చెవి కమ్మలు తీసి కొంగు చివర ముడేసుకుంది.
ముప్పై ఏళ్ళుగా మిరపకాయలకు తొడిమలు తీస్తున్న మనిషి.
"మొదట్లో రాత్రుళ్ళు చేతులు మజ్జిగలో పెట్టుకుని పడుకునేదాన్ని బాబూ.
ఇప్పుడు ఎడం చెయ్యి మండట్లా.
అలవాటు పడిందిలే అనుకున్నా.
రోజుకి అర టిక్కీ ఎక్కువే తీస్తన్నా.
మేస్త్రి కూడా మెచ్చుకున్నాడు."

ఆ మెప్పుకి ఏం జవాబు చెప్పాలో తెలియక
బ్లేడు మార్చాను.

చెవితమ్మెను రెండు వేళ్ళతో నొక్కిపట్టాలి,
రక్తం తప్పుకుని తెల్లబడేదాకా.
చిన్న గాటు.
కావలసింది నెత్తురు కాదు, దానికి కాస్త ఇవతల దాక్కున్న చెమ్మ.
ఒక చెవి. ఇంకో చెవి. కనుబొమ్మ మీద. మోచేతి దగ్గర మచ్చ.
మోచేతి దగ్గర ఆమె "అబ్బా" అనలేదు.
అంటే బాగుండుననుకున్నాను.

గాజు మీద శనగబద్దంత పూత.
మంట మీదుగా మూడుసార్లు అటూ ఇటూ.
పైన కార్బాల్ ఫుక్సిన్,
వంగపండు రంగుకీ గులాబీకీ మధ్య ఎక్కడో ఆగిపోయిన ఎరుపు.
కింద స్పిరిటు దీపం.
"ఆవిరి కనపడాల, బుడగ కనపడకూడదు,"
నాకు పని నేర్పిన ఖాజావలి గారి మాట.
పాలు కాచినవాడికే ఈ పని వస్తుందనేవారు.
ఆయనకు పాలు కాచడం రాదు.

తర్వాత ఆమ్లం.
అసలు సంగతి ఇక్కడే తేలుతుంది.
చర్మం ఎరుపు వదిలేస్తుంది.
దారిన పోయే క్రిములన్నీ వదిలేస్తాయి,
అప్పు ఇచ్చినవాడు గుమ్మంలోకి రాగానే
ఒంటి మీది నగ తీసిచ్చినట్టు.
మైనం చొక్కా తొడుక్కున్నవి మాత్రం ఇవ్వవు.
ఆ మొండితనం వల్లే పట్టుబడతాయి.

చివరికి నీలం. కడుగు. ఆరబెట్టు.
ఒక్క చుక్క నూనె.

పుస్తకంలో చుట్టల కట్టల్లా ఉంటాయని రాశారు.
నీలం నేల మీద ఎర్రటి పుల్లలు,
గుంపులు గుంపులుగా,
ఎవరూ పిలవని చోట ఇల్లు కట్టుకుని
పన్ను కూడా కడుతున్నంత ధీమాగా.

"నేనోసారి చూడొచ్చా?"
అలా అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు.
కళ్ళద్దాలు లేని కళ్ళు, చాలాసేపు పట్టింది.
తర్వాత తల ఎత్తకుండానే అంది:
"నిండు కాయ. ఒక్కటి కూడా తాలు లేదు."

రిజిస్టరులో అయిదు ప్లస్సులు వేశాను.
ఆ సాయంత్రం నా గోళ్ళ చుట్టూ ఎరుపు చూసి
మా పాప గోరింటాకా అంది. అవునన్నాను.

ఏడాది అట్టపెట్టె మాత్రలు.
మందుకి ఒళ్ళు నల్లబడింది.
"కళ్ళంలో మరిచిపోయిన కాయనయ్యా," అని తనే నవ్వింది.
యార్డులో కొందరు ఆమె గ్లాసు విడిగా పెట్టారట.
ఆ గ్లాసు ఇంటికి తెచ్చుకుందట, స్టీలుది, బరువైనది.

మళ్ళీ అదే గాటు. అదే ఆవిరి. అదే నీలం.
ఈసారి నేనే పక్కకు జరిగి చోటిచ్చాను.
పుల్లలు లేవు. ముక్కలు, రవ్వలు,
వరస తప్పిన చుక్కలు.
"అన్నీ తాలే," అంది,
ధర తెగ్గొట్టే షావుకారు గొంతుతో.

ఎడం చెయ్యికి మంట తిరిగి రాలేదు.
వస్తుందని నేనూ చెప్పలేదు.
రాత్రి దీపం దగ్గర ఆ చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటుందట,
తనకు తెలియకుండా ఎక్కడ తెగిందో అని,
పక్కింటి పిల్లకు తల దువ్వినంత ఓపికగా.

కమ్మలు పెట్టుకుంటూ ఉంటే
కొత్తగా వచ్చిన కుర్రాడు కిటికీ తీశాడు.
ఇద్దరం ఒకేసారి తుమ్మాం.